మాసిడోనియా భాషలోని సముచ్చయాది నిపాతములు

కర్నూలు మండలమునఁ బత్తికొండ ప్రాంతమునందలి యెఱ్ఱగుడి కొండరాళ్లమీఁద నశోకుఁడు చెక్కించిన ధర్మలిపులలోఁ బదుమూఁడవ దానియందు యవనరాజు లైదుగురి పేళ్లు గలవు. వారిలో అంతికిని యనువాఁడు మాసిడోనియా నేలిన యాంటిగోనస్ గోనటస్ అని చరిత్రకారులు పెక్కండ్రు నిర్ణయించియున్నారు. ఇట్లు క్రీస్తునకుఁ బూర్వము మూఁడవ శతాబ్దముననే మాసిడోనియా రాజు పేరు తెలుఁగునేలపైఁ జెక్కఁబడినది. అయితే యా రాజు కాలమునాఁటి భాష వేఱు, నేఁడు మాసిడోనియా భాష యని వ్యవహరింపఁబడునది వేఱు. క్రీస్తుశకము ఆఱు, ఏడు శతాబ్దములలో నుత్తరమునుండి వచ్చి బాల్కను ద్వీపకల్పమున నిలిచిన స్లావుల వాక్కే యీ రెండవది. అది రుష్యా, సెర్బియా, బల్గేరియా భాషలకుఁ దోఁబుట్టువు. కావున సంస్కృతమునకును దూరపుఁ జుట్టము. పేరొక్కటి యగుటచే నీ రెంటిని గలిపి మాటాడువారు గలరు. ఆ కలగాపులగమునకు విధి కూడఁ గొంత తోడ్పడినట్లున్నది. ఏలయన, స్లావు మాసిడోనియాభాషను వేఱుభాషగా నిలుపవలెనని తొలుత సమగ్రముగా వాదించిన క్రిస్తె మిసిర్కోవు 1874 సంవత్సరమునఁ బుట్టిన పోస్తోలు గ్రామము, అలెగ్జాండరు జన్మస్థానమైన పెల్లానగరపు శిథిలముల చెంతనే యున్నది.

మిసిర్కోవు గ్రంథము 1903 సంవత్సరమున సోఫియానగరమున నచ్చయ్యెను. ప్రిలెపు, బితోలా ప్రాంతముల నడిమి పలుకుబడిని గ్రంథభాషకుఁ బునాదిగాఁ గొనవలెనని యందుఁ జెప్పఁబడినది. ఆ మాట ఫలించుటకు నలువదియేండ్లు పైఁబడినవి. 1944 ఆగస్టు 2వ తేదిని ప్రోహోరు ప్చిన్‌స్కి మఠమున గూడిన సభ మాసిడోనియాభాషను రాజ్యభాషగాఁ బ్రకటించినది. 1945 మే నెలలో ముప్పదియొక యక్షరముల వర్ణమాలయు, జూను 7వ తేదిని వర్ణక్రమమును నిర్ణీతములయ్యెను. బ్లాజె కోనెస్కి రచించిన వ్యాకరణము మొదటి భాగము 1952లోను, రెండవది 1954లోను వెలువడినవి. హొరేసు లంటు అను నమెరికా పండితుఁ డింగ్లీషున వ్రాసిన వ్యాకరణమును 1952లోనే వచ్చినది. అయినను వివాద మంతటితోఁ దీఱలేదు. ఇది బల్గేరియాభాషయొక్క మాండలికమే కాని వేఱుభాష గాదని బల్గేరియావారు వాదింతురు. గ్రీసుదేశముతో 2018 జూను 17వ తేదిని జరిగిన ప్రెస్పా యొడంబడికలో దేశము పేరు ఉత్తర మాసిడోనియా యని మాఱినను, భాష పేరు మాత్రము మాసిడోనియాభాష యనియే నిలిచినది; అది దక్షిణ స్లావు కుటుంబమునకుఁ జెందిన దనియు నందే చెప్పఁబడినది. 2020 నవంబరున బల్గేరియా, యూరోపు సంఘముతో నా దేశము జరుపఁబూనిన సంప్రతింపుల కడ్డుపడుటకుఁ జెప్పిన హేతువులలో భాషాప్రశ్నము నొకటి.

ఇట్టి వివాదములలో నామధాతువుల పట్టికలు చూపి వాదించుట పరిపాటి. కాని యొక భాషయొక్క కట్టుబాటు దాని చిన్నపదములలోనే యెక్కువగా దెలియును. నామములు సంతలో సరకులవలె నొక దేశమునుండి యొక దేశమునకుఁ బోవుచుండును. వాక్యమును వాక్యముతో ముడివైచు నిపాతము లట్లు సులభముగాఁ గదలవు. కదలినచో దానికిఁ బ్రబలమైన కారణ ముండును. కావుననే వానిని విచారింపఁ దగును.

యాస్కుఁడు నిరుక్తమున నిపాతములను ఉపమార్థకములు, కర్మోపసంగ్రహార్థకములు, పదపూరణములు అని మూఁడు తెఱఁగులుగా విభజించెను. చ, వా మొదలగునవి రెండవ తెగలోనివి. గ్రీకులును దీనిని వేఱొక త్రోవను గుర్తించిరి. మాసిడోనియా రాజవైద్యుని కుమారుఁడైన అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున ఇరువదవ యధ్యాయమందు 'సుందెస్మొస్' అను పేర దీనిని బేర్కొనెను. ఆ పదమునకుఁ గలిపి కట్టునది యని యర్థము. మాసిడోనియా వైయాకరణులు వాడు 'స్వృజ్నిక్' అను సంజ్ఞకును గట్టునది యనియే యర్థము. ఆ భాషలో నచ్చునకు బదులు రేఫము నిలిచి యక్షర మగుట కలదు గావున, ఋకారముతోడనే దానిని వ్రాయుట తగియున్నది.

ఈ నిపాతముల పూర్వరూపములు తెలియవలెనన్నఁ దొమ్మిదవ శతాబ్దమునకుఁ బోవలెను. తెస్సలోనికా నగరమువారగు కిరిల్లు, మెథోదియు అను సోదరులు 863 ప్రాంతమున మొరావియా దేశమునకుఁ బోయి, స్లావుల వాక్కున మతగ్రంథముల నవతరింపఁజేసిరి. వారి శిష్యులు క్లిమెంతు, నౌము అనువారు ఓహ్రిదు సరస్సు తీరమున విద్యాపీఠమును నెలకొల్పిరి. ఆ గ్రంథముల భాషను బ్రాచీన స్లావు మతభాష యందురు. అందు విభక్తు లేడు, ద్వివచనము గలదు, సంస్కృతము చదివినవారికిఁ బరిచితమగు కట్టడమే. మఱి నిపాతముల కడకు వచ్చిన నీ పరిచయము మఱింత స్పష్టమగును. 'ఎవఁడు' అను సంబంధార్థమున 'ఇజె', 'ఎప్పుడు' అనుటకు 'యెగ్ద', 'ఎట్లు, ఏలయన, అని' అనుటకు 'యాకొ', 'ఎంత' అనుటకు 'యెలికొ' అనునవి యచ్చట గలవు. ఇవి యన్నియు మన యచ్ఛబ్దముతోఁ గూడిన ధాతువునఁ బుట్టినవే. యః, యదా, యథా, యావత్ అనువానిని వానిచెంతఁ బెట్టి చూచినచో నొక్క యింటివారని తోఁచకమానదు.

నేఁటి మాసిడోనియాభాషలో నీ యకారపు నిపాతములు దాదాపుగా నంతరించినవి. వాని తావులఁ బ్రశ్నార్థకములు కూరుచున్నవి. 'ఎప్పుడు' అను సంబంధార్థమునకుఁ 'గొగ', 'ఎట్లు' అనుటకుఁ 'గకొ', 'ఎంత' అనుటకుఁ 'గొల్కు', 'ఏది' యనుటకు 'ష్తొ'. ఇవి కిం శబ్దపు బంధువులు. కదా, కథమ్, కియత్ అనువాని వరుసలోనివి. అనఁగా నొకప్పుడు యదా, తదా యని జంటగా నడచిన వాక్యము, కదా యను ప్రశ్నతోడనే సంబంధమును దెలుపునదయ్యెను. ఈ మార్పు స్లావుభాషలలోఁ జాల వానియందు గానవచ్చును గాని, హిందీయందు రాలేదు. అందు జో, జబ్, జైసా యను రూపములలో యకారము జకారమై నేఁటికిని నిలిచియున్నది. తెలుఁగున నన్ననో యకారపు సంబంధశబ్దము మొదటినుండియు లేదు. ఎవఁడు వచ్చునో వాఁడు, ఎప్పుడు వానపడునో యప్పుడు అని ప్రశ్నార్థకమునే సంబంధమునకు వాడుదుము. అదియు సంస్కృతానుకరణమనియే పెద్దలు తలఁతురు. వచ్చినవాఁడు, వానపడినప్పుడు అనుటయే మన సహజమార్గము.

మాసిడోనియాభాష యీ విషయమున నింకొక యడుగు ముందునకు వైచినది. నామములకు విభక్తులు పోయినవి. దానితో సంబంధసర్వనామమును గొన్నియెడల విభక్తి లేని యవ్యయమై నిలిచినది. 'చొవెకొత్ ష్తొ దొయ్‌దె' యనఁగా వచ్చిన మనుష్యుఁడు. ఇందు 'ష్తొ' యనునది పుంలింగమునకుఁ, స్త్రీలింగమునకు, నేకవచన బహువచనములకు నొక్కటియే. సర్వనామము నిపాతమగుట యెట్లో చూడఁగోరు విద్యార్థికి దీనికన్న మంచి యుదాహరణము దొరకదు.

ఇఁక నీ భాషకెల్ల వెన్నెముకవంటి నిపాత మొకటి గలదు. అది 'ద'. ప్రాచీనభాషలో నిది ప్రయోజనార్థమునను, ఆశంసార్థమునను వచ్చుచుండెను. అప్పుడు దానికిఁ బని స్వల్పము. ఏలయన భాషలోఁ దుమర్థకములు రెండు విధములుగా నుండెను. ఒకటి 'తి' ప్రత్యయముతోడిది. రెండవది గమనార్థక క్రియలతో వచ్చునది. దాని ప్రత్యయము మన తుమున్ ప్రత్యయమునకే సోదరము. నేఁటి మాసిడోనియాభాషలో నీ రెండును లేవు. నిద్రింపఁ గోరుచున్నాను అనుటకు 'సాకం ద స్పియం' అనవలెను; అక్షరశః, కోరుచున్నాను – ద – నిద్రించుచున్నాను. అతఁడు నిద్రింపవలెనని కోరుచున్నాననుటకు 'సాకం ద స్పియె'. క్రియ పురుషవచనములతో నిండుగానే యుండును. దానిని మొదటి క్రియకుఁ గట్టునది 'ద' యొక్కటియే. తుమున్ చేయుపని నొక నిపాతము తలకెత్తుకొన్నదన్నమాట.

ఇది యీ యొక్క భాషకుఁ బట్టిన వింత గాదు. బల్గేరియాభాష యట్లే చేసినది. గ్రీకుభాషలో 'న', అల్బేనియాభాషలో 'తె', రుమేనియాభాషలో 'స' యనునవి యీ పనినే చేయుచున్నవి. ఈ నాలుగును నాలుగు వేఱు శాఖలకుఁ జెందినవి. 'ద'యు 'న'యు 'తె'యు 'స'యు నొండొంటికిఁ జుట్టములు గావు. పదములు వేఱు, కట్టు మాత్ర మొక్కటి. 1829 సంవత్సరముననే కోపిటారు పండితుఁ డీ బాల్కను భాషలను జూచి, పదజాలములు వేఱైనను వ్యాకరణ మొక్కటియే యని చెప్పెను. 1930లో సాండ్‌ఫెల్డు దీనినిగూర్చి పెద్దగ్రంథము రచించెను. ఇట్టి భాషల గుంపునకు, వంశము గాక సహవాసమే హేతువుగా నేర్పడిన భాషాసంఘమని త్రుబెట్స్కోయి పేరు పెట్టి, 1928లో హేగునగరమునఁ గూడిన భాషాశాస్త్రజ్ఞుల మహాసభలో దానిని నిర్వచించెను. ఆ భావమునే గైకొని ఎమెనో పండితుఁడు 1956లో భారతదేశ మొక భాషామండలమని నిరూపించెను. సంస్కృతమున ఇతి శబ్దము వాక్యాంతమున నిలుచుటకును, ద్రావిడభాషలలోఁ దెలుఁగు 'అని' వంటి క్త్వార్థకములకును గల సామ్యము. అపి శబ్దార్థములకును ద్రావిడ 'ఉమ్' ప్రత్యయార్థములకును గల సామ్యము – ఇవి యా విచారమున ముఖ్యస్థానము వహించినవి. కావున బాల్కను నిపాతముల కథ తెలుఁగు పండితునకుఁ బరాయిది గాదు.

'ద' శబ్దమునకే మఱియొక ప్రయోగము గలదు. 'ద జ్నాఎవ్, క్యె దొయ్‌దెవ్' అనఁగా, తెలిసియున్నచో వచ్చియుందును. తెలియలేదు, రాలేదు అని భావము. సాధ్యమైన నియమమునకు 'అకొ' యని వేఱు నిపాతము గలదు. క్రియాతిపత్తియందు లృఙ్ విధించిన పాణిని క్రియారూపముచేఁ దెలిపిన భేదము నీ భాష నిపాతభేదముచేతను గాలభేదముచేతను దెలుపుచున్నది.

పరోక్షకథనమునకు వచ్చునప్పటికి వివాదపు నడిబొడ్డు తగులును. 'మిస్లం దెక స్పియె' – నిద్రించుచున్నాఁ డని తలఁచెదను. ఇందు 'దెక' మన 'అని' శబ్దమునకు సరిపోవును. కాని 'అని' వాక్యము చివర నుండఁగా నిది వాక్యము మొదట నుండును. ఇచ్చట బల్గేరియా గ్రంథభాష 'చె' యనును. రెండు భాషల వార్తాపత్రికలలో నే పుట తీసినను కంటఁబడు భేద మిదియే. కోరికయైనచో 'ద', ఎఱుకయైనచో 'దెక', సంతోషదుఃఖములకు హేతువైనచో 'ష్తొ'. 'సె రాదువం ష్తొ దొయ్‌దె' యనఁగా నీవు వచ్చితివని సంతసించుచున్నాను. మన 'అని' యొక్కటే మోయు భారమును మూఁడు నిపాతములు పంచుకొన్నవి. ఈ విభాగము సూక్ష్మమైనది. నేర్చుకొనువారు తడఁబడునదియు నిచ్చటనే.

'దెక' యెక్కడిది? మాండలికములలో నేఁటికిని దానికి 'ఎక్కడ' యను నర్థము గలదు. స్థలవాచకము వాక్యయోజకమైనది. గ్రీకుభాషలో 'పు' అను స్థలవాచకము నిట్లే మాఱినది. స్థలమునకును 'అని' యను నర్థమునకును బొత్తేమని శంకింపఁ బనిలేదు. పాణిని తృతీయాధ్యాయము మూఁడవ పాదమున 148వ సూత్రము మొదలుకొని యచ్చ, యత్ర శబ్దముల యోగమున, నసంభావన, యసహనము, నింద, యాశ్చర్యము తోఁచునప్పుడు లిఙ్ విధించినాఁడు. అచ్చటి యత్ర శబ్దమునకు స్థల మర్థము గాదు. ఒకఁ డిట్టిపని చేయుట యని వాక్యార్థమునే యది పట్టియిచ్చును. రెండువేలయేండ్లకుఁ బైఁబడిన దూరమున, వేఱుదేశమున, నదే త్రోవ మఱల తొక్కఁబడినది.

'దెక'కుఁ బోటీగా 'ఒతి' యనునది గలదు. అది గ్రీకునుండి యెరువు దెచ్చుకొన్నది. వాడుకలో విరివిగా వినఁబడినను, గ్రంథభాషలో 'దెక'కే పట్టము గట్టిరి. ఐనను నిజము చెప్పవలెను: 'ఒతి' పశ్చిమ బల్గేరియా పలుకుబడిలోను వినఁబడును; 'దెక'యు నా దేశపు మాండలికములకుఁ గ్రొత్తది గాదు. అంతేకాదు, 1816లో బుదానగరమున నచ్చయిన కిరిలు పేయ్‌చినోవిచ్చు గ్రంథము తెతోవో పలుకుబడిలో నున్నను, గ్రంథకర్త తన భాషను బల్గేరియాభాష యనియే ముఖపత్రమునఁ జెప్పుకొన్నాఁడు. మిలదీనోవు సోదరులు 1861లో జాగ్రెబున వెలువరించిన జానపదగీతముల సంపుటమునకును బల్గేరియా పేరే పెట్టిరి. కావున 'చె'యు 'దెక'యు వేఱగుటచేతనే భాషలు వేఱని తేల్చుట తొందరపాటు. అట్లే, పేరొకప్పు డొక్కటి యగుటచేతనే భాష యెప్పటికి నొక్కటియే యనుటయు హేత్వాభాసమే. మలయాళము తమిళమునుండి విడివడినదని చెప్పి, నేఁడు మలయాళము లేదనువాఁ డుండునా? గ్రంథభాష యొకటి యేర్పడి, వ్యాకరణ నిఘంటువులు పుట్టి, బడులలోఁ జెప్పఁబడి, కవు లందుఁ గావ్యములు వ్రాసిన పిమ్మట, అది భాషయే. మాండలికభేదముల నెన్నుకొని, వానిలో నొకదానిని నిలుపుట కోనెస్కి మొదలగువారు చేసిన పని. నిపాతములు సాక్ష్యము లగుట యా యెన్నికకే కాని, వంశవృక్షమునకుఁ గాదు.

సమానవాక్యములఁ గూర్చు నిపాతములు తేలిక. 'తోయ్ పెయె ఇ ఇగ్ర' – అతఁడు పాడును, ఆడును. ఇది శుద్ధసముచ్చయము. 'తోయ్ పెయె, అ తా ఇగ్ర' – అతఁడు పాడును, ఆమెయో యాడును. ఇందు విరోధము లేదు, కర్తృభేద మొక్కటే. సంస్కృతమునఁ దు శబ్దము దీనికిఁ దగును. పాడును గాని యాడఁడనుటకు 'నొ'. పాడఁడు, ఆడుచున్నాఁడని మొదటిదానిని ద్రోసివేసి రెండవదానిని నిలుపుటకుఁ 'దుకు', అనఁగా మన అపి తు. చకారమున కాలంకారికులు, వైయాకరణులు సముచ్చయము, అన్వాచయము, ఇతరేతరయోగము, సమాహారము అని నాలుగర్థములు చెప్పియున్నారు. స్లావుభాష ద్వంద్వసమాసమున దరిద్రమగుటచే నితరేతర సమాహారముల కందుఁ జోటు లేదు. కాని తు శబ్దార్థమున నెక్కువ పదును చూపినది.

ఈ తెగలోనే తురుష్కప్రభువుల యైదువందలయేండ్ల యేలుబడి తన ముద్ర వైచినది. 'కాని' యనుటకు వాడుకలో 'అమ' యందురు. అది తురుష్కభాష ద్వారా వచ్చిన యరబ్బీపదము. అదియును నిదియును అనుటకు 'హెం ... హెం', ఇదియో యదియో యనుటకు 'య... య'. ఈ రెండును దురుష్కుల ద్వారా పారసీకమునుండి వచ్చినవి. పారసీకపు 'హమ్' మన సమ శబ్దమునకు జ్ఞాతి. హైదరాబాదు ప్రాంతమున హమ్‌దర్దీ యను మాటలోని హమ్ అదియే. 'యా' యనునది ఉర్దూ విన్నవారందఱికిఁ దెలిసినదే. ఇట్లు సింధునది కీవలను బాల్కను కొండల కావలను నొకే పారసీక నిపాతములు తిరుగాడుచున్నవి. 'ఐనను' అను నర్థమున వచ్చు 'మకర్' శబ్దమును జూచి ఉర్దూలోని మగర్ అని భ్రమపడరాదు. అది గ్రీకునుండి వచ్చినది. 1945 తరువాత గ్రంథభాషలో 'నొ' నిలిచి, 'అమ', 'హెం' మున్నగునవి సంభాషణకును, హాస్యమునకును దిగిపోయినవి. గ్రామ్యమని వానిని బూర్తిగా వెడలఁగొట్టలేదు; కథలలో జనులు మాటాడుచోట వాని మర్యాద వానికిఁ గలదు.

తెలుఁగున జమీను, కచేరి, దస్తావేజు మొదలగు పారసీకనామము లెన్ని ప్రవేశించినను, గ్రంథభాషలో పారసీక యోజకనిపాత మొక్కటియు నిలువలేదు. దానికి మన పూర్వుల పట్టుదల కారణము గాదు, వాక్యనిర్మాణమే కారణము. రాముఁడును లక్ష్మణుఁడును అని ప్రత్యయముతోడను, వచ్చి చూచెను అని క్త్వార్థకముతోడను గూర్చు భాషలో, రెండు వాక్యముల నడుమ విడిగా నిలుచు నిపాతమునకుఁ గూర్చుండఁ బీఁట లేదు. మాసిడోనియాభాషలో నా పీఁట యున్నది. కావున నతిథి వచ్చి కూర్చుండెను. ఇక్కడ ప్రవాహ మెదురుదెస నడచినది: హైదరాబాదు దక్ఖిణీలో వాక్యము చివర వచ్చు 'బోల్‌కే' యనునది మన 'అని' శబ్దమున కచ్చమైన యనువాదము. పదము వారిది, కట్టు మనది. బాల్కనులో 'ద'కును 'న'కును గల సంబంధమే యిది.

హేత్వర్థమున గ్రంథభాష నిలిపిన 'బిదెయ్‌క్యి' యను నిపాతము చూడఁదగినది. అది భూధాత్వర్థక క్రియకుఁ జెందిన యవ్యయకృదంతము. 'అగుచు' అని దాని యక్షరార్థము. తెలుఁగున 'కాఁబట్టి' యనునది అగు ధాతువునఁ బుట్టి హేత్వవ్యయమైనట్లే, యిదియుఁ గ్రియాత్వమును గోలుపోయి నిపాతముల పంక్తిలోఁ జేరినది. ప్రాచీనభాషలోని హేత్వర్థకమగు 'పొనెజె' పోయినది; దాని తావున నిది యొకటియే గాక 'జష్తొ', 'జతొఅ ష్తొ' అనునవియు నేర్పడినవి. 1961 మొదలు 1966 వఱకు మూఁడు సంపుటములుగా వెలువడిన మాసిడోనియాభాషా నిఘంటువునఁ గాలక్రమమున నీ నిపాతములు నామములతో సమానముగఁ బ్రవేశించినవి. ఇజె, యెగ్ద, యాకొ అను ప్రాచీనులు మాత్రము ప్రాచీన చర్మపత్రములయందును, మతకర్మల పాఠమునందును నిలిచిరి.